పులికాట్ తీర యువతకు మెకానిక్ బాట

సూళ్లూరుపేట: పులికాట్ సరస్సు ముఖద్వారాలు ఇసుకతో పూడి మత్స్యసంపద తగ్గినప్పుడల్లా తీరగ్రామాల యువతకు వేరే ఉపాధి వెతుక్కోక తప్పదు. సమీపంలోని శ్రీసిటీలో ఇసుజు సంస్థ 2016లో వాహనాల కర్మాగారాన్ని ప్రారంభించింది. చెన్నై శివార్లలోని శ్రీపెరుంబుదూరు, ఒరగడం ప్రాంతాల్లోనూ కార్ల పరిశ్రమలున్నాయి. వీటిలో సాంకేతిక కొలువు ఆశించేవారికి పనితనంతోపాటు గుర్తింపు పొందిన ధ్రువపత్రమూ అవసరం.

అర్హతలు, కోర్సులు: పదో తరగతి ఉత్తీర్ణులై, 14 ఏళ్లు నిండినవారు ఐటీఐలో చేరవచ్చు. మోటారు వాహన మెకానిక్ కోర్సు కాలవ్యవధి రెండేళ్లు. ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు, స్టీరింగు, విద్యుత్ వ్యవస్థల పని ఇందులో నేర్పుతారు. డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాదే. ఇది లారీలు, ట్రాక్టర్లకే కాక మరపడవలు, జనరేటర్ల మరమ్మతుకూ ఉపకరిస్తుంది. సొంతూరు విడవలేని మత్స్యకార కుటుంబాల పిల్లలకు ఇది అనువైనది. విద్యుత్ వాహనాల మెకానిక్ కోర్సు కూడా కొన్ని ఐటీఐల్లో ఉంది.

షెడ్డు చదువు చాలదు: మెకానిక్ షెడ్డులో చేరి పని నేర్చుకోవడం పాత పద్ధతి. చేతివాటం అక్కడ బాగా అబ్బుతుంది. కానీ 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక వాహనాల్లో సెన్సర్లు, ఎలక్ట్రానిక్ నియంత్రణ పెరిగాయి. శబ్దం విని లోపం పసిగట్టడంతోపాటు స్కానర్ చూపే సంకేతాలను చదవడమూ రావాలి. ఉప్పుగాలి తగిలే తీరంలో బ్యాటరీ టెర్మినళ్లు, బ్రేకు గొట్టాలు త్వరగా తుప్పుపడతాయి కనుక వాటి తనిఖీ ఇక్కడి మెకానిక్‌కు నిత్యకృత్యం.

అప్రెంటిస్‌షిప్: 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం శిక్షణ కాలంలో స్టైపెండ్ చెల్లిస్తారు. 30 మంది లేదా అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019లో నిబంధనలను సవరించారు. అయితే శిక్షణ పూర్తయ్యాక కొలువు ఇవ్వాలన్న నిర్బంధం సంస్థలకు లేదు. చివరి పరీక్షలో ఉత్తీర్ణులైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ ధ్రువపత్రం లభిస్తుంది. ఇది ఇతర సంస్థల్లోనూ చెల్లుతుంది.

చేరేముందు: ప్రైవేటు ఐటీఐలో రుసుము చెల్లించేముందు, కోరుకున్న ట్రేడుకు కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ జనరల్ అనుబంధం ఉందో లేదో విచారించుకోవాలి. అనుబంధం లేని చోట చదివితే జాతీయ ట్రేడ్ ధ్రువపత్రం రాదు. వర్క్‌షాపులో విప్పి బిగించడానికి నిజమైన ఇంజిన్లు ఉన్నాయా అన్నదీ స్వయంగా చూసుకోవడం మేలు.