ఉత్తినే ఇచ్చినోడికి ఏటి మిగుల్తాది?

నరసన్నపేట అంటే చుట్టుపక్కల ఊళ్లకి బంగారం కొట్లు. ఆ కొట్లలోనూ ఆ ఊళ్ల ఇళ్లలోనూ కంప్యూటర్లు బాగుచేస్తూ నేను విన్న ప్రశ్నల్లో అన్నిటికన్నా పనికొచ్చింది ఇది: "ఉత్తినే ఇచ్చినోడికి ఏటి మిగుల్తాది బాబూ?" ఉచిత సాఫ్ట్‌వేర్‌ని బేరీజు వెయ్యడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు ఇప్పటికీ దొరకలేదు.

2000ల మొదట్లో మాకు సాఫ్ట్‌వేర్ ఎక్కువగా పత్రికతో వచ్చే సీడీలోనో, ఎవరో చేతికిచ్చిన పెన్‌డ్రైవ్‌లోనో వచ్చేది. బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ 2005లో మొదలయ్యాక కూడా పక్కనున్న జలుమూరు, పోలాకి వైపు నెట్ లేని ఇళ్లే ఎక్కువ. ఏది వేసుకోవాలో, ఎలా వాడాలో తెలుగులో చెప్పింది నల్లమోతు శ్రీధర్ గారి 'కంప్యూటర్ ఎరా' మాసపత్రిక. ఇంగ్లీషు మాన్యువల్ చూసి బెదిరిపోయే మాలాంటివాళ్లకి ఆ పత్రిక చేసిన మేలు చాలా పెద్దది.

నెట్ లేకపోయినా వైరస్‌కి లోటు లేదు. స్టూడియోలో పెళ్లి ఫొటోలు ఎక్కించుకుని, దారిలో జిరాక్స్ షాపులో ఏదో ప్రింటు తీయించుకుని ఇంటికొచ్చేసరికి పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు మారిపోయేవి. అవే పేర్లు, అదే పసుపు బొమ్మ, కానీ అవి ఫోల్డర్లు కావు, ఈఎక్స్‌ఈ ఫైళ్లు. విండోస్ ఫైలు పేరులో చివరి మూడక్షరాలు దాచేస్తుంది కాబట్టి తేడా తెలిసేది కాదు. నొక్కితే అంటుకునేది. అసలు ఫోల్డర్లు ఎక్కడికీ పోయేవి కావు, హిడెన్, సిస్టమ్ గుర్తులు తగిలించుకుని అక్కడే ఉండేవి. కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఆట్రిబ్' కొట్టి ఆ గుర్తులు తీసేయగానే పెళ్లి ఫొటోలన్నీ మళ్లీ కనిపించేవి. అప్పుడు ఆ ఇంటివాళ్ల మొహాలు చూడాలి! పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటది ప్రోగ్రాం నడిచే ఆటోరన్‌ని మైక్రోసాఫ్ట్ 2011లో పాత విండోస్‌లలో కూడా అప్‌డేట్‌తో ఆపేశాకే ఈ బెడద తగ్గింది.

అందుకే ప్రతి ఇంట్లో ఏవీజీ, అవాస్ట్, అవిరా అనే ఉచిత యాంటీవైరస్‌లలో ఏదో ఒకటి ఉండేది. 256 ఎంబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో నేను ముందు చూసేది టాస్క్ మేనేజర్. యాంటీవైరస్ వెయ్యకముందు మెమరీ ఎంత, వేశాక ఎంత? తరవాత అప్‌డేట్ సంగతి. నెట్ లేని ఇంట్లో మూడు నెలల పాత యాంటీవైరస్ ఉన్నా లేనట్టే. అప్‌డేట్ ఫైలు విడిగా దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లగలిగేదే పల్లెటూరికి పనికొచ్చేది.

ఇక ఇచ్చినోడికి ఏం మిగులుతుంది? అవాస్ట్, ఏవీజీల ఉచిత రకం ఇంటి వాడకానికే, కొట్లో వాడాలంటే కొనాలి. ఇంట్లో అలవాటైనది ఆఫీసుకి కొంటారని వాళ్ల లెక్క. ఇది నాకు న్యాయంగానే అనిపించేది. కొన్ని ప్రోగ్రాములు మాత్రం 'నెక్స్ట్, నెక్స్ట్' నొక్కుతుండగా బ్రౌజర్‌కి టూల్‌బార్ అంటగట్టేవి. ఇంకొన్ని ఉచితంగా స్కాన్ చేసి, వందల తప్పులున్నాయని ఎర్రక్షరాలతో భయపెట్టి, బాగుచెయ్యాలంటే డబ్బు కట్టమనేవి. ఇవి మోసమే, ఇంకో మాట లేదు.

మరోపక్క అసలు ఏమీ ఆశించనివి ఉన్నాయి. వీడియోలు చూసే వీఎల్‌సీ ప్యారిస్‌లో ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టి, 2001 నుంచి జీపీఎల్ లైసెన్సు కింద అందరిదీ అయింది. ఫైళ్లు కుదించే 7-జిప్‌ని ఇగోర్ పావ్లోవ్ 1999లో విడుదల చేశాడు. కొట్లో వాడినా ఇంట్లో వాడినా అడిగేవాడు లేడు. లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు.

పేరుని చూసి నమ్మే అలవాటుకి 2017 గట్టి దెబ్బ. మేమంతా కంప్యూటర్లో చెత్త ఊడ్చడానికి వాడిన సీక్లీనర్‌ని జూలైలో అవాస్ట్ కొన్నది. ఆగస్టులో వచ్చిన 5.33 వెర్షన్‌లో ఎవరో దొంగ కోడ్ దూర్చారని సెప్టెంబరులో బయటపడింది. కంపెనీ సొంత డిజిటల్ సంతకంతోనే అది 20 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి వెళ్లింది. 2020 జనవరిలో ఇంకొకటి. అవాస్ట్ తన వాడకందారులు నెట్‌లో ఏమేం చూశారో ఆ వివరాలను జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని పత్రికలు బయటపెట్టాయి, ఆ సంస్థని మూసేశారు. 2024లో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ అవాస్ట్‌ని 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టమంది.

విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ లోపలే వస్తోంది. కాబట్టి ఇప్పుడు ఇంటి కంప్యూటర్‌కి నేను వేసేవి వీఎల్‌సీ, 7-జిప్. క్లీనర్ ఏదీ వెయ్యను, విండోస్‌లో ఉన్న డిస్క్ క్లీనప్ చాలు.