గమ్ గలత్, వ్యసనం, యానాం రేవు

తెలుగులో ‘వ్యసనం’ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. తాగుడు, జూదం వ్యసనాలు. పాత తెలుగులో ‘వ్యసనపడకు’ అంటే మాత్రం దుఃఖపడకు అని. మన ఉర్దూలోనూ ఇదే తమాషా. తాగేవాణ్ణి చూసి ‘గమ్ గలత్ కర్ రహా హై’ అంటారు, గమ్‌ని మరిచిపోవడానికి తాగుతున్నాడని. టెన్షన్‌కీ నషాకీ రిష్తా ఉందని సైకాలజీ పుస్తకాలు ఇవాళ రాస్తున్నాయి. మన రెండు జుబాన్లూ ఎప్పుడో ఆ రెండింటినీ ఒకే గదిలో కూర్చోబెట్టాయి. కానూన్లు చేసినవాళ్లూ, మన పెద్దలూ మాత్రం ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశారు. కోనసీమ తారీఖ్‌లో ఇది బాగా కనపడుతుంది. (తారీఖ్ అంటే హిస్టరీ. కేలెండర్లో తారీఖు కాదు.)

ముందు సెహత్ సంగతి. 1948 ఏప్రిల్ 7న అమల్లోకొచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం, రోగం లేకపోవడమొక్కటే సెహత్ కాదనీ, శరీరం, మనసు, నలుగురితో బతుకు మూడూ బాగుండాలనీ చెప్పింది. అంతకు వెయ్యేళ్ల ముందే బల్ఖ్ నగరంవాడు అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం 934) ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ అనే కితాబ్ రాశాడు. జిస్మ్‌కి బీమారీ వచ్చినట్టే నఫ్స్‌కీ వస్తుందన్నాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియని దుఃఖం వేరు అని విడదీసి రాశాడు. ఇంత దూరం వెళ్లక్కర్లేదు, మన నానీలు వాడే ‘తబియత్’ చూడండి. ‘తబియత్ ఠీక్ నై’ అంటే జ్వరమైనా కావచ్చు, దిల్ బాగోలేకపోవడమైనా కావచ్చు.

నషా దగ్గరికొస్తే కథ కచేరీకెక్కుతుంది. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలం జిల్లాతో మొదలైన నషాబందీ 1948 నాటికి రాష్ట్రమంతా వ్యాపించింది. 1953లో విడిపోయిన ఆంధ్ర రాష్ట్రానికి ఆ చట్టం విరాసత్‌గా వచ్చింది. కల్లుగీత మీద బతికే లక్షల కుటుంబాలకి అది రోటీ సవాల్. 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఈ గొడవమీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఫ్రెంచి యానాం ఇండియా చేతికొచ్చిందీ ఆ నెలలోనే. చేతికొచ్చింది గానీ పాండిచ్చేరి కింద ఉండిపోయింది. గౌతమికి ఇవతల ఎదుర్లంక మనది, అవతల యానాం వేరే కానూన్. శారదా చట్టం బాల్యవివాహాలకి అడ్డుపడ్డ జమానాలో చిన్నపిల్లలకి నిఖా కాదు గానీ పెళ్లిళ్లు చేయడానికి జనం యానాం వెళ్లేవారు, అందుకే దానికి కళ్యాణపురం అని పేరు. చట్టం రేవు దగ్గర ఆగిపోతుందని కోనసీమకి అప్పుడే తెలుసు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. 1993లో సారా బంద్ అయింది. 1995 జనవరి 16 నుంచి ఎన్టీ రామారావు మొత్తం మద్యమే నిషేధించారు. యానాంలో దుకాణాలు మూతపడలేదు. ఆ ఆడవాళ్ల పోరాటాన్ని తక్కువ చేయను. వాళ్ల ఇంట్లో అన్నం గిన్నె ఖాళీ అవుతుంటే సైకాలజీ చెప్పమని అడగలేం. కానీ సర్కార్ దుకాణం మూసి, తాగేవాడి సంగతి పోలీసులకి వదిలేసింది.

ఆ నషాబందీ నడుస్తుండగానే 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీద పడింది. వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్లిన మగవాళ్లలో చాలామంది తిరిగిరాలేదు. కొబ్బరితోటలు నేలకూలాయి. నాటిన దేశవాళీ కొబ్బరిమొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు.

ఈ ఆరేడేళ్ల లెక్కే నాకు ముఖ్యం. ‘స్ట్రెస్’ని వైద్యంలోకి తెచ్చిన హాన్స్ సెల్యే 1936లో ఎలుకల మీద ప్రయోగాలు చేసి మూడు మంజిళ్లు చెప్పాడు. మొదట ఒళ్లు ఉలిక్కిపడుతుంది. తర్వాత తట్టుకుని నిలబడుతుంది. ఆపత్తు పోకుండా కూర్చుంటే చివరికి శక్తి ఖర్చయిపోతుంది. తుఫాను ఒక్క రాత్రి, అప్పు, ఖాళీ తోట, తిరిగిరాని కొడుకు ఏళ్లకేళ్లు. నష్టపరిహారం చెట్టుకింత, ఇంటికింత అని రాస్తారు. నిద్రపట్టనివాడికి ఆ ఫారంలో గడి ఉండదు. మరుసటి ఏడాది, 1997లో, నిషేధం ఎత్తేశారు. గమ్ గలత్ చేసుకునే సామాన్ మళ్లీ ఊళ్లోకే వచ్చింది.

రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్ వెళ్లిన ఆడవాళ్ల ఫిక్ర్, ఇక్కడ పిల్లలతో మిగిలిపోయిన మగవాళ్ల తన్‌హాయీ, ఇవీ ఈ లెక్కలోవే. అది వేరే మజ్మూన్ అవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మాటల కోసం తడుముకుంది. 1957లో ‘వ్యసనం’ వేరు, ‘అలవాటు’ వేరు అంది. ఆ గీత నిలబడక 1964లో రెండింటినీ వదిలి ‘ఆధారపడటం’ అనే మాట పట్టుకుంది. ‘అలవాటు’ అంటే మానుకోవచ్చుగా అని తిడతాం. ‘ఆధారపడ్డాడు’ అంటే దేని మీద, ఎందుకు అని అడగాల్సొస్తుంది. మన ఖాందాన్లలో ఆ సవాల్ అడిగేది తక్కువ. శరాబ్ హరాం, ఇందులో బహస్ లేదు. అందుకే మన ఇళ్లలో తాగేవాడు రెండింతలు దాస్తాడు. అమ్మీ ఇజ్జత్ కోసం దాస్తుంది, బీవీ మాయకే వాళ్లకి చెప్పదు. హరాం అనే హుక్మ్ ఒక్క రోజులో రాలేదన్నది మాత్రం ఎవరూ గుర్తుచేయరు. ముందు బఖరా సూరాలో లాభం కన్నా గునాహ్ పెద్దదన్న మాట, తర్వాత నిసాలో మత్తులో నమాజ్ దగ్గరికి రావద్దన్న కట్టడి, చివరికి మాయిదాలో పూర్తి మనాహీ. మనుషుల్ని తయారుచేస్తూ వచ్చింది.

మన దేశపు కానూన్ ఇక్కడికి రావడానికి 2017 దాకా పట్టింది. ఆ ఏడాది మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితుల్ని మర్జ్ కిందే లెక్కగట్టింది. అంటే ఇలాజ్ అడగడం హక్. 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ 14416 నంబరు ఉచితంగా నడుస్తోంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేసేది తాగేవాడే కానక్కర్లేదు, అతని అమ్మీ చేసినా మాట్లాడతారు.