టువాలు ఫుట్‌బాల్: జనాభా 11 వేలు.. ఫిఫాలో చోటు లేదు.. అయినా వరల్డ్ కప్ క్వాలిఫయర్ ఆడేసింది!

పసిఫిక్ మహాసముద్రంలో హవాయి, ఆస్ట్రేలియా మధ్య ఉన్న తొమ్మిది చిన్న దీవుల దేశం టువాలు. మొత్తం నేల 26 చదరపు కిలోమీటర్లే. జనాభా దాదాపు 11 వేలు. ఐక్యరాజ్య సమితిలో 2000 నుంచి సభ్యత్వం ఉంది. ఫిఫాలో మాత్రం ఇప్పటికీ లేదు. అయినా ఈ జట్టు వరల్డ్ కప్ క్వాలిఫయర్ మ్యాచ్‌లు ఆడింది. అదెలా అంటే..

18-0 నుంచి 1-1 దాకా..
1979లో ఫిజీలో జరిగిన సౌత్ పసిఫిక్ గేమ్స్‌లో టువాలు తొలిసారి బరిలోకి దిగింది. తహితి చేతిలో 18-0తో చిత్తయింది. అదే టోర్నీలో టోంగాను 5-3తో ఓడించింది కూడా.

2007లో ఈ గేమ్స్ సమోవాలో జరిగాయి. అక్కడి ఫుట్‌బాల్ పోటీలనే 2010 వరల్డ్ కప్ ఓషియానియా క్వాలిఫయర్ తొలి రౌండ్‌గా లెక్కించారు. ఓషియానియా సమాఖ్యలో అసోసియేట్ మెంబర్ కావడంతో టువాలుకు ఆ ఛాన్స్ దక్కింది. ఫిజీపై 16-0తో ఓడినా, ఒకప్పుడు 18 గోల్స్ కొట్టిన తహితిని 1-1 దగ్గర ఆపేసింది!

రన్‌వేనే మైదానం
రాజధాని ఫునాఫుటిలో ఉన్నది ఒక్కటే స్టేడియం. అందుకే సాయంత్రమైతే కుర్రాళ్లంతా ఎయిర్‌పోర్టు రన్‌వే మీద ఆడుకుంటారు. ఇక్కడికి వారానికి కొన్ని విమానాలే వస్తాయి. సైరన్ మోగితే ఆట ఆపి పక్కకు జరుగుతారు.

అసలు చిక్కు ఇదీ..
టువాలు ఎన్నో ఏళ్లుగా ఫిఫా సభ్యత్వం కోసం ప్రయత్నిస్తోంది. సరైన స్టేడియం, జట్లకు సరిపడా హోటల్ గదులు లేకపోవడమే అడ్డంకి. అవి కట్టాలంటే డబ్బు కావాలి. ఫిఫా నిధులేమో సభ్య దేశాలకే. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టుంది పరిస్థితి.

2011లో నెదర్లాండ్స్ కోచ్ ఫోపె డె హాన్ వచ్చాక పసిఫిక్ గేమ్స్‌లో అమెరికన్ సమోవాను 4-0తో ఓడించింది. సత్తా ఉందని చెప్పడానికి ఆ స్కోరు చాలు.

ముంచుకొస్తున్న సముద్రం
ఈ దీవులు సముద్ర మట్టానికి సగటున రెండు మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. ఆస్ట్రేలియాతో 2023లో కుదిరిన ఫలెపిలి ఒప్పందం ప్రకారం ఏటా 280 మంది వరకు అక్కడ స్థిరపడొచ్చు. వెళ్లే వాళ్లలో ఆటగాళ్లూ ఉండొచ్చు. అంటే టువాలుకు ఇప్పుడు గ్రౌండే కాదు, ఆడేందుకు పదకొండు మందిని నిలుపుకోవడమూ సవాలే.