మేకులు చెప్పిన చరిత్ర

1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డు తుపాకి దెబ్బ తిన్నాడు. గుండు శరీరములో ఎక్కడ నిలిచినదో వైద్యులకు అంతుచిక్కలేదు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ తీగచుట్టలతో ఒక పరికరమును కూర్చి, శ్వేతసౌధమునకు తీసికొనిపోయినాడు. లోహము సమీపించినచో దానినుండి ధ్వని వినబడవలెను. వినబడినది గాని, గుండు జాడ తెలియలేదు. పరుపు క్రింది ఉక్కు తీగలు కూడ లోహమే కదా! పైగా గుండు కుడివైపుననే యున్నదని నమ్మిన ప్రధాన వైద్యుడు ఎడమవైపు వెదకనీయలేదు. గుండు ఎడమవైపుననే యున్నది. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డు మరణించినాడు.

నేటి లోహశోధక యంత్రమునకు కూడ మూలము ఈ సూత్రమే. తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తు ప్రవహించినపుడు చుట్టును మారుచుండు అయస్కాంత క్షేత్రము ఏర్పడును. ఆ క్షేత్రములోనికి లోహము వచ్చిన యెడల అందులో సుడి ప్రవాహములు పుట్టును. ఇది ఫారడే కనుగొన్న ప్రేరణయే. విద్యార్థులు పాఠములో చదివియే యుందురు. ఆ ప్రవాహముల వలన కలుగు ప్రతిక్షేత్రమును యంత్రము పసికట్టును. ఇనుము అయస్కాంత గుణము కలది గనుక దాని ప్రతిస్పందన వెండి, రాగి ప్రతిస్పందనలవలె ఉండదు.

రెండవ ప్రపంచయుద్ధములో మందుపాతరలను వెదకిన ఈ యంత్రము, తరువాత పాత నాణెముల వేటగాండ్ర చేత పడినది. పాత భవనముల ఆవరణలు వారికి మిక్కిలి ఇష్టము. ఇనుప మేకుల గోల వినబడకుండ యంత్రమును సరిచేసికొని, వెండి పలికినచోట త్రవ్వి నాణెము తీసికొనిపోవుదురు. అది ఏ పొరలో, దేని ప్రక్కన ఉండెనో ఎవరును వ్రాసికొనరు. (మన దేశమున 1878 నాటి చట్టము ప్రకారము, భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని గూర్చి కలెక్టరుకు తెలుపవలెను.)

వర్జీనియాలోని మాంట్‌పెలియర్‌లో మాత్రము ఆ గోలయే పనికివచ్చినది. ఇది అమెరికా నాల్గవ అధ్యక్షుడు, రాజ్యాంగ రచనలో ప్రముఖుడు అయిన జేమ్స్ మాడిసన్ నివాసము. అక్కడ సుమారు నూరుమంది బానిసలు పనిచేసిరి. దొర భవనము నిలిచినది. వారి గుడిసెలు నేలమట్టమైనవి. పురాతత్త్వ శాఖవారు నేలను చదరములుగా విభజించి, ఔత్సాహికులకు శిక్షణనిచ్చి వారిచేతనే యంత్రములతో వెదకించి, పలికిన ప్రతి చోటును గుర్తించి లెక్కపెట్టిరి.

దొరికినవానిలో విశేషము మేకులే. 1790 ప్రాంతమునకు ముందు మేకు అనగా కమ్మరి సాగగొట్టినదే. పిదప ఇనుప రేకునుండి యంత్రముతో కోసినవి వచ్చినవి. నేడు మన బజారులో అమ్ము గుండ్రని తీగ మేకు పందొమ్మిదవ శతాబ్దము చివర గాని విరివిగా వాడుకలోనికి రాలేదు. కనుక తుప్పుపట్టిన మేకు ఆకారమే దాని కాలమును చెప్పును. నాణెమునకు తేదీ ఉండవచ్చును గాని, అది ఎవరి జేబునుండియైన జారిపడి యుండవచ్చును. మేకుల గుంపు అట్లు జారిపడదు. అక్కడ ఒక కట్టడము ఉండి తీరవలెను.

మేకుల సంఖ్య మరొక సంగతి బయటపెట్టినది. భవనము ప్రక్కన, అతిథుల కంటబడు చోట, ఇంటి పనివారికి పలకలతో కట్టి అద్దపు కిటికీలు పెట్టిన ఇండ్లు ఉండెను. వానికి మేకులు విస్తారముగా కావలెను. దూరమున పొలము పనివారి ఇండ్లు దుంగలు పేర్చినవి. వానికి పట్టిన మేకులు బహు స్వల్పము. భవనము ప్రక్కనున్న ఇండ్లను పునాదుల జాడనుబట్టి తిరిగి కట్టి, బానిసల జీవితమును తెలుపు ప్రదర్శనను 2017లో ప్రారంభించిరి.