కాలేజీ లెక్కలు: "ఎంత?" నుంచి "ఎందుకు?" దాకా

పి.గన్నవరం అక్విడక్టు చూడనివాళ్లు మన కోనసీమలో ఉండరు కదండీ! వైనతేయం పాయ మీదుగా కాలువ నీళ్లను అవతలి లంకలకు దాటించడానికి 1850ల మొదట్లో కట్టారు పాతదాన్ని. పక్కన కట్టిన కొత్తది 2000లో వాడకంలోకి వచ్చింది. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుకున్నాం. పాతదానికి ఆర్చీలు 49, ఒక్కొక్కటి 40 అడుగులు. మొత్తం పొడవు 2248 అడుగులు. మరి ఆర్చీకీ ఆర్చీకీ మధ్యనున్న స్తంభం మందం ఎంత?

హైస్కూల్లో చదివే మీ అమ్మాయిని అడిగి చూడండి. 49ని 40తో గుణిస్తే 1960. మిగిలింది 288. మధ్యలో స్తంభాలు 48. తలా 6 అడుగులు. ఠక్కున చెప్పేస్తుంది. మనం మురిసిపోతాం.

ఆ పిల్లే పదో తరగతి పాసై, ఎం.పి.సి.లో చేరి, మూడో నెల తిరక్కుండా "నాకు లెక్కలు రావేమోనమ్మా" అంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే "ఆడపిల్లకి అంత బరువెందుకు, గ్రూపు మార్పించండి" అంటారు. మరి మొన్నటి తెలివి వేసంగి సెలవుల్లో ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, అడిగే ప్రశ్న మారిందంతే. స్కూల్లో "ఎంత?" అని అడిగారు. కాలేజీలో "ఎందుకు?" అంటారు. ఇనుప కమ్మీ ఒక్కటి లేకుండా కట్టిన ఆర్చీ అంత నీటి బరువు మోస్తూ ఎందుకు నిలబడింది అంటారు.

మెడలో గొలుసు తీసి రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకోండి. మధ్యన కిందికి జారి ఒక వంపు తిరుగుతుంది. ఆ వంపును తలకిందులు చేస్తే గట్టి ఆర్చీ అవుతుందని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1675లో చెప్పాడు. అది దాదాపు పరావలయంలా ఉంటుందని 1638లోనే గెలీలియో రాశాడు. సరిగ్గా ఏ వంపో తేలింది మాత్రం 1691లో. లైబ్నిట్జ్, యోహాన్ బెర్నూలీ అప్పుడే కొత్తగా పుట్టిన కలన గణితంతో సాధించారు. ముసలాయన హైగెన్స్ పాత రేఖాగణితంతోనే సాధించాడు. పాత చేతికీ పస ఉందన్నమాట!

ఈ కలన గణితమే ఇంటర్మీడియట్లో మన పిల్లల్ని మొదట భయపెట్టేది. దాని గుమ్మంలో "అవధి" అని ఒకటుంది. ఆత్రేయపురం పూతరేకు ఒకటి తీసుకుని సగం తినండి. మిగిలినదాంట్లో సగం తినండి. మళ్లీ అందులో సగం. ఎప్పటికైనా అయిపోతుందా? అవదు. కానీ తిన్నవన్నీ కూడితే ఎంతకు చేరుతున్నట్టు? సరిగ్గా ఒక పూతరేకుకి. అయిపోకుండానే అంతకు చేరడమేమిటో చెప్పేదే అవధి. న్యూటన్, లైబ్నిట్జ్ 17వ శతాబ్దంలో దీన్ని వాడుకున్నారు గాని, గట్టిగా నిర్వచించలేకపోయారు. 1734లో బర్కిలీ అనే క్రైస్తవ మతాచార్యుడు ఆ లోటు పట్టుకుని ఎగతాళి చేశాడు. 1821లో కోషీ పారిస్ విద్యార్థుల కోసం రాసిన పుస్తకంలో చాలావరకు చక్కబెట్టాడు. తరవాత వైర్‌స్ట్రాస్ బిగించాడు. మహా మహా పండితులకే 150 ఏళ్లకు పైగా మింగుడుపడని దాన్ని మన పిల్లలు అర్ధసంవత్సరం పరీక్షల్లోపల మింగాలి. మూడు నెలలు తడబడితే తప్పేముంది?

ఈ గణితానికి తొలినాటి పెద్ద పాఠ్యపుస్తకాల్లో ఒకటి రాసింది ఆడమనిషే. మిలాన్ నగరపు మరియా అగ్నేసి, 1748లో. పండితుల లాటిన్ పక్కనబెట్టి తన ఇంటిభాష ఇటాలియన్లో రాసింది. కేంబ్రిడ్జిలో ప్రొఫెసరు జాన్ కోల్సన్ దాన్ని ఇంగ్లీషు చెయ్యడం కోసం వయసు మళ్లాక ఇటాలియన్ నేర్చుకున్నాడు. ఆ తరవాత అగ్నేసి లెక్కలు వదిలేసి, ఉన్న డబ్బంతా పేదలకు పెట్టి, దిక్కులేని ముసలివాళ్ల సేవలో 1799లో కన్నుమూసింది. అన్నదానంతో లంకల గన్నవరానికి పేరు తెచ్చిన మన సీతమ్మగారు గుర్తురావడం లేదూ?

ఇంటిభాష మాట వచ్చింది గనుక చెబుతున్నాను. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. కానీ కాలేజీ లెక్కలకు తెలుగు పుస్తకాలు రావాలంటే 1968లో తెలుగు అకాడమీ పుట్టేదాకా ఆగవలసి వచ్చింది. అవకలనం, సమాకలనం, మాత్రిక, సదిశ – ఈ మాటలు అలా పిల్లల నోళ్లలో పడ్డాయి. మొదట్లో చాలామంది నవ్వారు. నాకు మాత్రం "అవధి" అంటే హద్దు అని చెప్పకుండానే బోధపడింది.

అంతకుముందు స్కూలు ఫైనలు రోజుల్లో జనరల్ మాథమాటిక్స్, కాంపోజిట్ మాథమాటిక్స్ అని రెండు దారులుండేవి. కాలేజీలో లెక్కలు చదవాలంటే కాంపోజిట్ తీసుకుని ఉండాలి. మా ఇంట్లో నాకు జనరల్ చాలన్నారు. పధ్నాలుగేళ్ల పిల్లని, ఆ చిన్న టిక్కుతో ఒక తలుపు మూసుకుపోతుందని నాకేం తెలుసు? కలన గణితం నేను నేర్చుకున్నది మా తమ్ముడు పారేసిన నోటుపుస్తకాల్లోంచి, పెళ్లయ్యాక, వంటింటి గట్టు మీద.

అందుకే మీ అమ్మాయి నోటుపుస్తకం ఒకసారి తెరిచి చూడండంటాను. అరపేజీ లెక్క ఉంటుంది. చివర జవాబుగా అంకె కనబడదు, "అని నిరూపించబడినది" అని ఉంటుంది. కంగారుపడకండి. లెక్క అయిపోయినట్టే. ఒక్క లెక్కకి రెండు సాయంత్రాలు పట్టినా, మార్కులు మొదట్లో సగానికి పడినా వింతేమీ కాదు. ట్యూషను మాట తరవాత చూడొచ్చు. ముందు ఆ పాఠం మీకు చెప్పమనండి. మీకు అర్థంకాకపోయినా ఫరవాలేదు, చెబుతున్నప్పుడు ఎక్కడ ఆగిపోయిందో పిల్లకే తెలుస్తుంది.

మొదటి రోజుకి మన అక్విడక్టే చాలు. ఆర్చీలు 49 అయితే మధ్య స్తంభాలు 48 ఎందుకయ్యాయి? 50 ఆర్చీలు కడితే ఎన్ని? ఆర్చీలెన్నో చెప్పకుండా "ఎన్నయినా సరే" అంటే? అంకె వద్దు, కారణం రాయమనండి. కాగితం మీద ఒక ఆర్చీ గీసి, పక్కన ఇంకొకటి గీసి, రెండింటి మధ్య స్తంభం పెట్టి, పెన్సిలు ఆపి ఆలోచిస్తుంది. ఆ కాసేపు పొయ్యి మీద పాలు పొంగినా పిలవకండి.