మనూర్ జొన్న బడి పళ్లెంలోకి ఎందుకు రాలేదు?

ఇవాళ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. చలికాలంలో నారాయణఖేడ్ నుంచి మనూర్ వైపు వెళ్తే నల్లరేగడి చేలల్లో జొన్న, శనగ, కంది కనిపిస్తాయి. ఇంట్లో జొన్నరొట్టె మామూలే. కానీ సర్కారు బడిలో మధ్యాహ్నం గంట కొడితే పళ్లెంలో పడేది అన్నం. ఆ బియ్యం గోదాముల నుంచి లారీలో వస్తాయి. బడి గోడ పక్కనే చేను ఉన్నా, అందులో పండిన గింజ లోపలికి రాదు. ఎందుకు?

దీని వెనక నలభై ఏళ్ల కథ ఉంది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం 2 రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టింది. అది చెడ్డ పథకం అని నేను అనను. ఆకలితో పడుకున్న ఇళ్లలో పొయ్యి వెలిగించింది. కాకపోతే దానికి ఒక దెబ్బ కూడా ఉంది. బయటి నుంచి బియ్యం అంత చౌకగా వస్తుంటే, వానల మీద బతికే మెట్ట భూమిలో కష్టపడి జొన్న వేసినవాడికి ఏం మిగులుతుంది? ఉన్న కాస్త భూమిని బీడు పెట్టేసి కూలికి పోవడమే నయం అనిపించింది. చొప్ప లేక పశువులు తగ్గాయి, పశువులు తగ్గితే ఎరువు తగ్గింది, ఎరువు లేక భూమి ఇంకా పాడైంది.

ఇప్పుడు మంజీర దాటి జహీరాబాద్ వైపు వెళ్దాం. అక్కడ పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది, 1983లోనే మొదలైంది. దాన్ని ఏళ్ల తరబడి నడిపిన పి.వి. సతీష్ 2023 మార్చిలో చనిపోయారు. ఈ సంస్థతో పనిచేసేది ఊరూరా ఉన్న మహిళా సంఘాలు, ఎక్కువమంది దళిత మహిళలు. 1990ల మధ్యలో వీళ్లు అడిగింది సూటిగా ఉంటుంది: రేషన్ గింజ మా ఊళ్లోనే పండించి, మా ఊళ్లోనే దాచి, మా ఊళ్లోనే పంచితే ఏమవుతుంది?

కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ డబ్బు ఇచ్చింది. ముప్పైకి పైగా ఊళ్లలో సుమారు 2,500 ఎకరాల బీడు మళ్లీ సాగులోకి వచ్చింది. అది నడిచిన తీరు వినండి, నాకు బాగా నచ్చింది అదే. బీడు ఉన్న చిన్న రైతుకి దుక్కికి, పెంటకి, విత్తనానికి అప్పు ఇస్తారు. అప్పు తీర్చేది డబ్బుతో కాదు, జొన్నలతో. కొన్నేళ్లపాటు ఏడాదికి ఇంత అని ఊరి గింజల నిధిలో పోయాలి. ఆ జొన్నల్ని ఊళ్లోనే నిల్వ చేసి, వానాకాలంలో చేతిలో పైసా లేని నెలల్లో పేద ఇళ్లకు బజారు కంటే తక్కువ ధరకు ఇస్తారు.

మరి పేదలెవరు? మామూలుగా అయితే ఆఫీసులో కూర్చుని లిస్టు రాస్తారు కదా. ఇక్కడ ఊరి జనమే ఒకచోట కూర్చుని, ఒక్కో ఇల్లూ తీసుకుని, ఎవరి పరిస్థితి ఏమిటో అందరి ముందూ తేల్చారు. పక్కింట్లో పొయ్యి వెలగలేదని పక్కింటివాళ్లకే కదా తెలిసేది.

ఇంత జరిగినా ఈ పద్ధతి బడి దాకా రాలేదు. కాలం చూడండి: దేశమంతటికీ మధ్యాహ్న భోజన పథకం వచ్చింది కూడా 1995 ఆగస్టు 15నే. మొదట్లో చాలా రాష్ట్రాల్లో వండి పెట్టలేదు, సరిగ్గా బడికి వచ్చిన పిల్లలకి నెలకి 3 కిలోల గింజలు ఇచ్చి ఇంటికి పంపేవారు. వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించాకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడుల్లో పొయ్యి వెలిగింది. అప్పటికే లైను పడిపోయింది: ఎఫ్‌సీఐ గోదాము, లారీ, బియ్యం బస్తా.

2013 ఆహార భద్రత చట్టంలో జొన్న, సజ్జ, రాగి కూడా రాశారు, కిలో రూపాయికి. చట్టంలో ఉంది, షాపులో లేదు. ఒక కారణం చాలా చిన్నది, ఎవరూ మాట్లాడరు. కొన్న జొన్నల్ని ఇన్ని నెలల్లోపే పంచేయాలని నిబంధన ఉంది. 2021లో దాన్ని 6 నెలల నుంచి 9 నెలలకు పెంచారు. కొనడం, తరలించడం, పంచడం అన్నీ ఆ గడువులోనే అంటే ఏ అధికారికైనా బియ్యమే సులువు.

వంట కష్టం కూడా ఒప్పుకోవాలి. వంద మంది పిల్లలకి రొట్టెలు తట్టమని వంట అక్కల్ని అడగడం అన్యాయం. కానీ జొన్న రవ్వ ఉప్మా, గటక, అంబలి పెద్ద గిన్నెలో అయిపోతాయి. 2023లో మన బడుల్లో రాగిజావ పెట్టారు, పిల్లలు తాగారు కూడా. మరి మనూర్‌లో విరివిగా పండే జొన్న మాటేమిటి?

బ్రెజిల్‌ని చూడండి. అక్కడ 2009లో ఒక చట్టం చేశారు: బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న రైతు కుటుంబాల దగ్గరే కొనాలని అప్పుడు పెట్టారు. ‘వీలైతే కొనండి’ అని కాదు, ‘కొనాలి’ అని. మన పీఎం పోషణ్ పథకం కూడా స్థానిక పంటలు వాడమనే చెబుతుంది, కానీ అది ప్రోత్సాహం దగ్గరే ఆగిపోతుంది.

అంత దూరం కూడా అక్కర్లేదు. మనూర్ దాటి కాస్త పడమరకు వెళ్తే కర్ణాటక. అక్కడ ఉత్తర జిల్లాల్లో రేషన్‌లో బియ్యంతోపాటు జొన్నలు ఇచ్చిన సందర్భాలున్నాయి, దక్షిణాన రాగులు. ఇంకో సంగతి తెలుసా? 1956 నవంబర్ 1కి ముందు నారాయణఖేడ్ తాలూకా మెదక్‌లో లేదు, బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల గీత మారింది, నేల మాత్రం అదే నల్లరేగడి, పంటా అదే. వచ్చే ఎపిసోడ్‌లో ఆ గీత ఎలా గీశారో చూద్దాం.