శ్రీబాగ్ నుంచి పారిస్ దాకా: నాయకుల మాటను ఎట్ల కొలవాల?

మొన్న రచ్చకట్ట కాడ ఒక మాట వచ్చింది. "దేశదేశాల నాయకులు కూచుని వాతావరణ మార్పు మీద ఒప్పందాలు చేసుకుంటాండారు, దాంతో మన చెనిక్కాయకు ఏమొస్తుంది?" అని. దీనికి జవాబు మన సీమ చరిత్రలోనే ఉంది. పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

1937 నవంబరు 16. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు, దాని పేరు శ్రీబాగ్. కోస్తా నాయకులు, సీమ నాయకులు అక్కడ ఒక ఒప్పందం రాసుకున్నారు. మన జిల్లా కల్లూరు సుబ్బారావు గారు కూడా అందులో ఉన్నారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో పదేళ్ల పాటు సీమకు మొదటి పీట. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమ కోరుకోవచ్చు.

1953లో రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలుకు వచ్చింది. మూడేళ్లకే, 1956లో, హైదరాబాదుకు పోయింది. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, ఆ కాలువలు సీమ వైపు తిరగలేదు. తుంగభద్ర ఎగువ కాలువ మనకు వచ్చిన మాట నిజమే, కాదనకూడదు. కానీ డ్యాములో పూడిక పేరుకుని నీటి నిల్వ తగ్గుతా వచ్చింది. హంద్రీనీవా ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లి రిజర్వాయరు చేరింది 2012లో. ఒప్పందం రాసిన 75 ఏళ్లకు.

ఎందుకు ఇంత ఆలస్యం? శ్రీబాగ్ పెద్దమనుషుల మాట, చట్టం కాదు. తప్పితే అడగడానికి కోర్టు లేదు, దానికని పక్కన పెట్టిన డబ్బు లేదు.

ఇప్పుడు పారిస్ ఒప్పందం చూడండి, 2015ది. ఏ దేశం లక్ష్యం ఆ దేశమే రాసుకుంటుంది. అందుకోలేకపోతే జరిమానా లేదు. మన దేశం 2021లో గ్లాస్గోలో 2070 కల్లా నికర ఉద్గారాలు సున్నా చేస్తామని చెప్పింది. మంచి మాటే. కానీ శ్రీబాగ్ చూసిన మనకు ఈ రకం మాట కొత్త కాదు.

మన జిల్లాకు ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా వరసగా పడదు. ఊడలు దిగే టైంలో బెట్ట పడితే పంట పోయినట్టే. దీనికి నాయకులు చేసినవి చాలా ఉన్నాయి. 2003 తర్వాత మేఘమథనం చూసినాం. 2016లో రెయిన్‌గన్లు చూసినాం. ఐసీఏఆర్ శాస్త్రవేత్తలు చెప్పినట్టు 7,676 కోట్లతో ప్రాజెక్ట్ అనంత అన్నారు, అది చాలావరకు కాగితం దాటలేదు. 2018లో ప్రకృతి సేద్యంలోకి 2024 నాటికి 60 లక్షల మంది రైతులను తెస్తామన్నారు. గడువు దాటింది, లెక్క అందలేదు. అయినా ఆ పని వట్టిది కాదు. అదే కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచుతున్న రైతులు మన జిల్లాలోనే ఉన్నారు.

ఇంకొకటి మరిచిపోకూడదు. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకం మొదలుపెట్టినారు. అంతకుముందే, 2005లో, పార్లమెంటు చట్టం చేసింది. తేడా ఇక్కడే ఉంది. పని అడిగితే ఇవ్వాల్సిందే, ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి కట్టాల్సిందే అని ఆ చట్టంలో రాసినారు. ఆ కూలి డబ్బుతోనే ఎన్నో ఊర్లలో పంట కుంటలు తవ్వినారు, గట్లు వేసినారు. బెట్టలో ఒక్క తడి ఇచ్చే కుంట ఎంత విలువైనదో మీకు నేను చెప్పాల్నా?

అందుకే నాయకుడు వచ్చి కరువు పోగొడతా అంటే చప్పట్లకు ముందు మూడు అడుగుదాం. ఇది మాటా, చట్టమా? ఈ ఏడు బడ్జెట్లో ఎంత పెట్టినారు? ఏ తేదీకి ఏ చెరువుకు నీళ్లు? ఈ మూడూ 1937లో గట్టిగా అడిగి రాయించుకుని ఉంటే, మన తాతలు అన్ని దినాలు ఆకాశం వైపు చూడాల్సిన పని ఉండేది కాదేమో. వచ్చే గ్రామసభలో మీరైనా లేచి అడగండి.